రిజిస్టర్‌లో ఒక గడి ఖాళీ

మైకు పనిచేస్తా ఉందా అండీ? వెనకాల వాళ్లకి వినపడతా ఉందా? సరే, అందరికీ నమస్కారం.

ముందే ఒక మాట చెప్పేస్తాను, నేను ప్రిపేర్ అయి రాలేదు. కార్యదర్శి గారు నాకు ఫోన్ చేసింది మే నెలలో, మిట్టమధ్యాహ్నం, స్కూలు లేదు, ఇంట్లో ఆవకాయకి జాడీలు తుడుచుకుంటా కూర్చున్నాను, ఆ టైములో టీచర్ని ఏది అడిగినా సరేనంటుంది. టాపిక్ ఏంటి సార్ అంటే "సాహిత్య బోధన, సమకాలీన సవాళ్లు" అన్నారు. బాగుంది సార్, జులైలో కదా, బోలెడంత టైముంది, రాసుకొచ్చి చదువుతాను అన్నాను. ఆ తర్వాత జూన్ వచ్చింది. ఇదిగో ఈ కాగితం చూడండి, ఇది మా స్కూల్లో బోనఫైడ్ సర్టిఫికెట్ కోసం పెట్టుకునే అర్జీ ఫారం, వెనకవైపు ఖాళీగా ఉంది కదా అని నిన్న సాయంత్రం బస్సులో నాలుగు ముక్కలు రాసుకున్నాను, ఆ కుదుపులకి అందులో రెండు ముక్కలు నాకే అర్థం కావడం లేదు. అందుకని ఆ పెద్ద టాపిక్‌ని పక్కన పెట్టేసి మా జూన్ నెల సంగతి చెప్తాను. సవాళ్లు కావాలంటే అందులోనే ఉంటాయి, మీరే ఏరుకోండి.

నేను పనిచేసేది నార్త్ మద్రాసులో ఒక ఎయిడెడ్ స్కూలు, భాషా మైనారిటీ స్కూలు అంటారు. పేరు చెప్పను, ఎందుకంటే మధ్యలో కొంచెం తిట్టుకుంటాను. ఆరో క్లాసు నుంచి ప్లస్ టూ దాకా తెలుగుకి నేనొక్కదాన్నే. పిల్లలకి నా పేరు తెలీదు, తెలుగు మిస్ అంటే చాలు. ఇరవై రెండేళ్లయింది.

మీరంతా ఏమనుకుంటారంటే, టీచరుకి సంవత్సరం జూన్‌లో మొదలవుతుంది అనుకుంటారు. కాదండీ. ఏప్రిల్ పరీక్షలు అయిపోగానే మొదలవుతుంది. మే నెలలో మేము వీధులు తిరుగుతాం. కొరుక్కుపేట, వాషర్‌మెన్‌పేట, రాయపురం, పులియాంతోపు, ఎక్కడెక్కడ తెలుగు మాట్లాడే ఇళ్లున్నాయో మాకు మ్యాపు లేకుండా తెలుసు, నలుగురు టీచర్లం చేతిలో నోటీసులు పట్టుకుని ఇల్లిల్లూ తిరుగుతాం, అమ్మా మీ పిల్లని మా స్కూల్లో చేర్పించండి, ఫీజు లేదు, పుస్తకాలు ఫ్రీ, యూనిఫారం ఫ్రీ, మధ్యాహ్నం భోజనం ఉంది, బస్ పాస్ ఉంది. కూరగాయల బండి వాడికీ మాకూ తేడా ఏంటంటే వాడికి గొంతు బాగుంటుంది.

ఎందుకింత పాకులాట అంటే, ఎయిడెడ్ స్కూల్లో టీచర్ పోస్టు ఉండాలా వద్దా అనేది తలకాయల లెక్క మీద ఆధారపడి ఉంటుంది. ఆగస్టు 1న స్ట్రెంగ్త్ ఎంత అని చూస్తారు. స్టాఫ్ ఫిక్సేషన్ అంటారు మా భాషలో. ఆ రోజుకి పిల్లలు తగ్గితే పోస్టు సర్‌ప్లస్. జూన్ 1 నుంచి ఆగస్టు 1 దాకా మా స్టాఫ్ రూములో ఎవరూ "ఎలా ఉన్నారు" అని అడగరు, "ఎన్ని ఉన్నాయి" అని అడుగుతారు.

ఈ సారి కొరుక్కుపేటలో ఒక ఇంటికి వెళ్లాం. ఆమె వాకిట్లో గిన్నెలు తోముకుంటా ఉంది, పిల్లాడు ఆరో క్లాసుకి రావాలి. నేను మొదలుపెట్టగానే ఆమె చేతులు కూడా కడుక్కోకుండా అడిగింది, "తెలుగు చదివితే ఏమొస్తాది మిస్?" అని. ఇందులో తమాషా ఏంటంటే ఆమె ఆ ప్రశ్న అడిగింది చక్కటి తెలుగులో. వెనకనుంచి అత్తగారు కసురుకుంది, అదీ తెలుగులోనే. పిల్లాడు వచ్చి నన్ను చూసి తమిళంలో యారు అని అడిగాడు, తల్లి తెలుగులో జవాబు చెప్పింది. నేనేం చెప్పాను అంటారా, మధ్యాహ్నం భోజనం గురించి చెప్పాను. నాకు ఆ ప్రశ్నకి మంచి జవాబులు తెలుసండీ, ఇలాంటి మీటింగుల్లో చాలానే విన్నాను, కానీ వాకిట్లో గిన్నెల ముందు నిలబడి చెప్తే అవి వినడానికి బాగుండవు. పిల్లాడు చేరాడు లెండి. వాడి సంగతి మళ్లీ చెప్తాను.

జూన్‌లో స్కూలు తెరిచిన రోజు. ఎనిమిదింటికి వెళ్తే గేటు దగ్గరే నలుగురు తల్లులు. ఒకామె టీసీ తేలేదు. ఒకామె తెచ్చింది గానీ టీసీలో పేరుకి ఒక స్పెల్లింగు, ఆధార్‌లో ఇంకో స్పెల్లింగు. ఒకాయన పిల్లని ఇంగ్లీషు మీడియంలో వేయమంటాడు, సీటు లేదంటే ఎమ్మెల్యే లెటర్ తేనా అంటాడు. ఇంకొకామె ఏమీ అడగలేదు, పిల్లాడిని నా చేతికిచ్చి డ్యూటీకి టైమయిందని వెళ్లిపోయింది. ప్రేయర్ బెల్లు. తర్వాత హెడ్‌మిస్ట్రెస్ మీటింగు. తర్వాత పుస్తకాలు పంచడం. లెక్కలు, సైన్సు, తమిళం అన్నీ వచ్చేసినాయి, తెలుగు కట్ట రాలేదు. ప్రతి సంవత్సరం అదే కథ, మా దాకా వచ్చేసరికి తెలుగు కట్ట వేరే బండిలో వస్తుంది, ఆ బండి ఎక్కడ ఆగిందో ఎవరికీ తెలీదు. పాత పుస్తకాలు పైక్లాసు పిల్లల దగ్గర అడుక్కొని పెట్టుకుంటాను నేను ఏప్రిల్‌లోనే, పరీక్ష అయిపోగానే హాలు బయట నిలబడి, పుస్తకం ఇవ్వరా పుస్తకం ఇవ్వరా అని. వాటిల్లో గాంధీగారికి మీసాలు పెంచి ఉంటారు, పద్యాల కింద అంతా తమిళ అక్షరాల్లో రాసి ఉంటుంది, అదీ మళ్లీ చెప్తాను.

తర్వాత టైంటేబుల్. మా స్కూల్లో తమిళం పార్ట్ వన్, తెలుగు ఆప్షనల్. 2006లో తమిళనాడులో తమిళం తప్పనిసరి అని చట్టం వచ్చింది, ఆ ఏడు ఒకటో క్లాసుతో మొదలుపెట్టి ఒక్కో క్లాసు పైకి జరుపుకుంటా పోయి 2015-16 నాటికి టెన్త్‌కి వచ్చింది. దాని మీద కోర్టులు, మినహాయింపులు, మీకందరికీ తెలిసిన కథే, ఆ గొడవలోకి పోను. మద్రాసులో పుట్టి తమిళం రాకపోతే ఎట్లా అని నేనూ అంటాను. కానీ ఆప్షనల్ అనే మాటకి టైంటేబుల్ వేసేటప్పుడు అర్థం వేరే ఉంటుంది. తెలుగు పీరియడ్ ఎక్కడ పడుతుంది? ఆఖరి పీరియడ్, లేకపోతే పీటీకి ఎదురుగా. అంటే మిగతా పిల్లలు గ్రౌండులో కబడ్డీ ఆడతా ఉంటే మా పిల్లలు కిటికీలోంచి చూస్తా నా దగ్గర సంధులు నేర్చుకోవాలి. ఆ పీరియడ్‌లో నేను చెప్పే సంధి ఒక్కటే, రాజీ. పావుగంట ముందు వదిలేస్తాను, దానికి బదులు ముందు అరగంట నోరు మూసుకుని వినండి.

గది కూడా లేదు. సెక్షన్లోంచి తెలుగు పిల్లల్ని విడదీసి తీసుకెళ్లాలి కదా, ఎక్కడికి? ఎనిమిదో క్లాసుకి సైన్స్ ల్యాబ్ ఇచ్చారు. నా వెనకాల అస్థిపంజరం ఉంటుంది. కొత్త పిల్లలు మొదటి వారం నన్ను చూడరు, దాన్నే చూస్తారు. (నవ్వులు) నవ్వుతారేం, బ్లాక్‌బోర్డు కావాలంటే దాన్ని పక్కకి జరపాలి, నేనే జరపాలి.

ఇక ఫారాలు. అమ్మో. ఎమిస్ అని ఒకటి ఉంది, పిల్లల వివరాలన్నీ ఎక్కించే సర్కారు కంప్యూటర్ రికార్డు, పిల్లవాడికి ఒక నెంబరు, ఆ నెంబరు కింద వాడి జాతకం అంతా, బ్లడ్ గ్రూపు, బ్యాంకు అకౌంటు, తల్లి చదువు, తండ్రి పని, రేషన్ కార్డు. అటెండెన్స్ కూడా ఫోన్లోనే, యాప్‌లో వేయాలి, నెట్ దొరకకపోతే వరండా చివర మునగచెట్టు దగ్గర దొరుకుతుంది, పొద్దున తొమ్మిదిన్నరకి వచ్చి చూడండి, ఐదుగురు టీచర్లు మునగచెట్టు కింద ఫోన్లు పైకెత్తి నిలబడి ఉంటారు. ఈ సారి నేను చూసింది ఏంటంటే, మా ఆరో క్లాసు పిల్లల్లో ముప్పై మందికి పైగా మాతృభాష అన్న గడిలో తమిళం అని పడి ఉంది. కింద స్కూల్లో ఎవరో ఎక్కించినప్పుడు అందరికీ ఒకటే కొట్టేసుకుంటా పోయినారు. దురుద్దేశం ఏం లేదు, వేళ్లు నొప్పి పుట్టి ఉంటాయి, నాకు తెలుసు ఆ నొప్పి. కానీ ఆగస్టు 1కి మా లెక్క ఏమవుతుంది? మైనారిటీ స్కూల్లో మైనారిటీ పిల్లలు ఎవరు అంటే కాగితం మీద లేరు. దాన్ని మార్పించడానికి నేను ఒక ఆఫీసుకి మూడు సార్లు వెళ్లాను, ఏ ఆఫీసో వద్దు. మూడోసారి అక్కడి క్లర్కు నన్ను చూసి, టీచర్ మీ మాతృభాష ఏంటి అన్నాడు తమిళంలో, తెలుగు అన్నాను, మాదీ అదే గాని మేడమ్ సర్టిఫికెట్లో వేరే ఉంది అన్నాడు. ఇద్దరం నవ్వుకున్నాం. పని మాత్రం ఆ రోజు కూడా కాలేదు, సర్వర్ డౌన్.

సరే, మరి సాహిత్యం ఎక్కడ అంటారు కదా. నేనూ అదే అనుకున్నాను, జూన్ మూడో వారం, ఒక శుక్రవారం, ఫారాలు నింపి నింపి. ఇన్ని గడులు నింపుతున్నాను కదా, ఈ పిల్లాడి గురించి నాకు కావలసిన గడి ఒక్కటీ ఇందులో లేదే అని. ఇది తమిళనాడు కదా, మన పేర్లకి ముందు తండ్రి పేరులో మొదటి అక్షరం, అంతే. కె అంటే కుమారు, ఎస్ అంటే శేఖరు. ఇంటిపేరు అనేది కాగితం మీద ఎక్కడా రాదు. పెళ్లి సంబంధాలప్పుడు పెద్దవాళ్లు చూసుకుంటారు, అంతవరకు అది అవ్వల నోట్లో ఉంటుంది. ఒక స్కేలు తీసుకుని నా సొంత రిజిస్టర్‌లో ఎర్ర పెన్సిల్‌తో ఒక గడి గీశాను. పైన ఇంటిపేరు అని రాశాను. మర్నాడు క్లాసులో చెప్పాను, హోంవర్క్ ఏంటంటే ఇంటికి పోయి మీ ఇంటిపేరు కనుక్కుని రండి, ఇంకోటి, మీ అవ్వో నాయనమ్మో మాట్లాడే మాటల్లో క్లాసులో ఎవరికీ తెలీని మాట ఒకటి పట్టుకుని రండి.

సోమవారం వచ్చారు. సగం మంది ఇంటిపేరు అంటే "నాయుడు మిస్", "రెడ్డి మిస్", "శెట్టి మిస్". అది కాదురా, అది వేరే, మళ్లీ పోండి. ఒకడు "మా ఇంటికి పేరు లేదు మిస్, డోర్ నెంబరు ఉంది" అన్నాడు, వాడు జోకు చేయలేదు. ఒక పిల్ల వాళ్ల అమ్మమ్మకి వెంకటగిరికి ఫోన్ చేసిందంట, ఆమె ముందు ఎవరికి ఒంట్లో బాగాలేదు అని కంగారుపడి, తర్వాత అరగంట మాట్లాడింది అంట, ఇంటిపేరు, దాంతో పాటు ఎవరెవరు చుట్టాలు, ఎవరు పొలం ఎగ్గొట్టారు అన్నీ. ఆ పిల్ల రెండు పేజీలు రాసుకొచ్చింది, తెలుగు మాటలు ఇంగ్లీషు అక్షరాల్లో.

రెండు మూడు రోజుల్లో గడి నిండుతా వచ్చింది. పసుపులేటి వచ్చింది, వేమూరి వచ్చింది, తోట వచ్చింది, నేతి వచ్చింది. నేతి అనగానే క్లాసంతా నవ్వు. నెయ్యి డబ్బా నెయ్యి డబ్బా అని. వాడి మొహం చిన్నబోయింది. అప్పుడు నాకు తట్టింది, ప్లాన్ చేసింది కాదు, బోర్డు మీద మూడు పేర్లు రాశాను, వేమూరి, పసుపులేటి, నేతి. వేమూరు అనే ఊరు, వేమూరి వాళ్లు. ఊరు, ఊరి. పసుపులేటిలో చివర ఏటి, ఏరు, ఏటి. నెయ్యి, నేతి. చెయ్యి, చేతి. ఇ, టి, తి. విభక్తి చేరే ముందు మాట చివర వచ్చే ఈ అక్షరాలే ఔపవిభక్తికాలు అండీ! పదేళ్లుగా ఈ పాఠం చెప్తా ఉన్నాను, పిల్లలు ఆ మాట వినగానే నిద్రపోతారు, అసలు ఆ మాట నోరు తిరగడానికే ఒక పీరియడ్ కావాలి. ఆ రోజు నేతి వారబ్బాయి లేచి నిలబడి "అయితే మిస్, గొయ్యికి గోతి కూడానా" అన్నాడు. అవున్రా నాయనా. ఎవడ్నయితే నవ్వారో వాడే ముందు పట్టుకున్నాడు.

ఇక్కడ ఒక పక్కదారి, ఒక్క రెండు నిమిషాలు. ఆ ఔపవిభక్తికాలు అని సూత్రం రాసి పెట్టింది ఎవరు, పరవస్తు చిన్నయసూరి. ఆయన ఎక్కడివాడు, ఈ పక్కనే శ్రీపెరుంబుదూరు. ఏం పనిచేశాడు, ఇదే పని, తెలుగు టీచరు. పచ్చయప్ప వాళ్ల స్కూల్లో చెప్పాడు, తర్వాత ప్రెసిడెన్సీ కాలేజీలో తెలుగు పండితుడు. 1853లో నీతిచంద్రిక, 1858లో బాలవ్యాకరణం. రెండూ ఎందుకు పుట్టినాయి, క్లాసులో పిల్లల ముందు పెట్టడానికి పుట్టినాయి. ఆంధ్రలో మనవాళ్లు అడుగుతా ఉంటారు, మద్రాసులో ఇంకా తెలుగు చెప్తున్నారా అని, అయ్యా చెప్పడం ఇక్కడే కదా మొదలుపెట్టింది అంటాను. నాకు ఎప్పుడూ ఒక అనుమానం, సూరిగారు పంచతంత్రంలో మిత్రలాభం, మిత్రభేదం రెండే రాసి ఆగిపోయాడు, మిగతా సంధి, విగ్రహం తర్వాత వీరేశలింగం గారు రాశారు. నిఘంటువు పనిలో పడ్డాడు, ఆరోగ్యం అని ఏవేవో అంటారు, నాకు మాత్రం జూన్ వచ్చి ఉంటుంది పాపం అనిపిస్తుంది.

సరే, అవ్వల మాటలకి వస్తాను. అసలు సొమ్ము అక్కడుంది. కసువు అని ఒక పిల్ల తెచ్చింది, వాకిట్లో కసువు ఊడవడం. చెత్త అని పుస్తకంలో చదువుకున్నారు, కసువు అంటే ఎవరికీ తెలీదు, కానీ పది ఇళ్లలో రోజూ అంటారంట, ఇల్లు దాటి రాలేదు ఆ మాట. మాపు అని ఒకడు తెచ్చాడు, మాపటికి వస్తాను అంటే సాయంత్రం. తావు, అంగడి. ఇవన్నీ ఏమనుకుంటారంటే పిల్లలు, ఇది మా ఇంటి భాష, తెలుగు కాదు, తెలుగు అంటే టీవీలో యాంకర్ మాట్లాడేది, పుస్తకంలో ఉండేది. నా దగ్గరకి వచ్చి "మిస్ మాకు తెలుగు రాదు, ఇంట్లో మాట్లాడతాం అంతే" అంటారు. ఈ వాక్యం ఇరవై రెండేళ్లుగా ప్రతి జూన్ వింటా ఉన్నాను.

ఆ రోజుల్లోనే పాత పుస్తకంలో సామెతలు ఉంటే చదివిస్తున్నాను. "ఎరువు సొమ్ము బరువు చేటు" వచ్చింది. అర్థం చెప్పరా అంటే ఒకడు లేచి చాలా ధైర్యంగా, యూరియా మీద వచ్చే డబ్బులు మంచివి కావు, నేలకి చేటు మిస్ అన్నాడు. ఆర్గానిక్ అన్నమాట. నిజానికి నాకది నచ్చింది, తప్పని చెప్పడానికి మనసు రాలేదు. అప్పుడు వెనక బెంచీలోంచి కొరుక్కుపేట పిల్లాడు, ఆరో క్లాసు వాడు, ఆ రోజు వాళ్ల టీచరు లీవు అని ఎనిమిదో క్లాసులో కూర్చోబెట్టారు, వాడు నెమ్మదిగా "మా అవ్వ ఎరవు అంటుంది మిస్" అన్నాడు. ఏంట్రా అంటే, పక్కింటి వాళ్లు పెళ్లికి పోయేదానికి మా అమ్మ గొలుసు అడిగితే అవ్వ తిట్టింది, ఎరవు ఇయ్యొద్దు అని. నేను కుర్చీలోంచి లేచాను. అదేరా! అప్పు వేరే, ఎరవు వేరే. వంద రూపాయలు అప్పు తీసుకుంటే ఏ వంద అయినా తిరిగి ఇవ్వొచ్చు, ఎరవు తెచ్చుకుంటే ఆ వస్తువే తిరిగి ఇవ్వాలి. సొమ్ము అంటే డబ్బు కాదు ఇక్కడ, నగ. ఎరవు తెచ్చుకున్న నగ మెడలో వేసుకుంటే బరువే, పోతే చేటే. ముందు బెంచీ అమ్మాయి "ఇరవల్ మిస్, తమిళంలో ఇరవల్" అంది. లైబ్రరీలో పుస్తకం ఇరవల్ తీసుకుంటారు కదా. ల్యాబ్ బీరువాలో నా బ్రౌన్ డిక్షనరీ పెట్టుకుంటాను, యాసిడ్ సీసాల పక్కన, 1852లో ఇదే మద్రాసులో వచ్చిన పుస్తకం తాలూకు ఈ కాలం ప్రింటు, తీసి వాడి చేతికిచ్చాను, వెతకరా అని. ఎ కింద వెతకడానికి వాడికి పదినిమిషాలు పట్టింది, అకారాదిగా వెతకడం వాడికి రాదు, ఎవ్వరూ నోరెత్తలేదు. పీటీ బెల్లు కొట్టింది, పోలేదు. అతిశయోక్తి కాదు, ఇద్దరు పోయినారు, మిగతా వాళ్లు పోలేదు.

ఇక అక్షరాల కష్టం గురించి ఒకమాట చెప్పాలి, ఎందుకంటే బయటవాళ్లకి అది కనపడదు. మా పిల్లలకి చేతికి ముందు వచ్చిన లిపి తమిళం. తమిళంలో క, గ రెండిటికీ ఒకటే అక్షరం, ఒత్తులు లేవు. వాళ్ల చెవి కరెక్టుగానే ఉంటుంది, గంగ అని శుభ్రంగా అంటారు, రాసేటప్పుడు కంక అవుతుంది. గజేంద్రుడు కసేంద్రుడు అవుతాడు. భీముడు, పీముడు. తప్పు అని ఎర్ర ఇంకు పెడితే పేజీ అంతా ఎర్రగా అయిపోతుంది, నేను కొత్తలో అదే చేశాను, ఒక పిల్ల ఏడ్చి తెలుగు మానేసి పోయింది. అది నా తప్పే. పాత పుస్తకాల్లో పద్యం కింద తమిళ అక్షరాలు రాసుకుంటారని చెప్పాను కదా, దాని మీద కొందరు మాస్టర్లకి మహా కోపం. నేను చెరపను. వాడు చదవాలి అనుకున్నాడు కాబట్టే కదా రాసుకున్నాడు, ఇష్టం లేని వాడు గాంధీగారికి మీసాలు పెడతాడు.

ఈ తమిళం సంగతి వచ్చింది కాబట్టి మా తమిళ అయ్య, అంటే తమిళం చెప్పే మాస్టారు, ఆయన గురించి చెప్పి తీరాలి. మా స్టాఫ్ రూములో ఆయన టేబుల్ నా టేబుల్ పక్కపక్కన. పిల్లల టైము కోసం ఇద్దరం కొట్లాడుకుంటాం, టీ మాత్రం ఒకే ఫ్లాస్కు. జూన్ చివరన నాకు ఛందస్సు మొదలుపెట్టాలి. యమాతారాజభానసలగం అని మొదలుపెడితే పిల్లలు దాన్ని సినిమా పాటలాగా పాడతారు, బాగానే ఉంటుంది, కానీ యతి, ప్రాస దగ్గర పడిపోతారు. ఈ సారి ఏం జరిగిందంటే, బోర్డు మీద అక్కరకు రాని చుట్టము పద్యం రాశాను. నాలుగు పాదాల మొదట్లో అక్కరకు, మ్రొక్కిన, నెక్కిన, గ్రక్కున. రెండో అక్షరం చూడండిరా, నాలుగింటిలోనూ క్క, దీన్నే ప్రాస అంటారు అనగానే, ఒక పిల్ల, "మిస్, ఇది ఎదుగై కదా" అంది. ఎదుగైనా? "అయ్య చెప్పారు, అగర ముదల, బగవన్, రెండో ఎళుత్తు ఒకటే వస్తే ఎదుగై" అంది. తిరుక్కురళ్ మొదటి కురళ్ అది, ఈ ఊళ్లో పుట్టిన ప్రతి పిల్లకీ కంఠస్థం. ఇంకొకడు లేచాడు, "అప్పుడు మ్రొక్కిన, మోహరమున, అది మోనై మిస్." అది మన యతి, పాదం మొదటి అక్షరానికి చుట్టమయ్యే అక్షరం మధ్యలో మళ్లీ రావడం. నాకు చేతిలో చాక్‌పీసు కింద పడింది, నిజంగా.

ఇంటర్వెల్లో అయ్యని పట్టుకున్నాను. అయ్యా, మీ మోనైలో ఏ అచ్చుకి ఏ అచ్చు చుట్టం అని అడిగాను. ఆయన టీ గ్లాసు కింద పెట్టి, ఓ సర్క్యులర్ వెనక రాశాడు, అ ఆ ఐ ఔ ఒక వరస, ఇ ఈ ఎ ఏ ఒక వరస, ఉ ఊ ఒ ఓ ఒక వరస. నేను దాని కిందే మన స్వరయతి మైత్రి రాశాను. అ ఆ ఐ ఔ. ఇ ఈ ఎ ఏ, మనకి ఋ ఒకటి ఎక్కువ. ఉ ఊ ఒ ఓ. ఇద్దరం ఆ కాగితాన్ని చూస్తా కూర్చున్నాం. ఇరవై రెండేళ్లు పక్కపక్కన కూర్చుని మేం ఎప్పుడూ మాట్లాడుకోలేదండీ ఈ సంగతి, పీరియడ్ల గురించి, డీఏ గురించి, అల్లుళ్ల గురించి మాట్లాడుకున్నాం. మన ఛందస్సు పుస్తకాలు చదివిన వాళ్లకి ఇది కొత్త కాదు, నేనూ ఎంఏలో ఎక్కడో చదివే ఉంటాను. కానీ పన్నెండేళ్ల పిల్ల చెప్పేదాకా దాన్ని క్లాసులోకి తేవచ్చని నాకు తోచలేదు. మర్నాడు అయ్య వచ్చి నా క్లాసులో పావుగంట మోనై చెప్పారు, అస్థిపంజరం పక్కన నిలబడి, నేను ఆయన క్లాసుకి పోయి కందపద్యం చదివి వచ్చాను. ఆ సర్క్యులర్ దేనిదో మాత్రం తర్వాత తెలిసింది, జవాబు ఇవ్వాల్సిన డేట్ దాటిపోయింది, ఇద్దరికీ చీవాట్లు.

ప్లస్ వన్ గురించి కూడా రాసుకున్నట్టున్నాను ఇక్కడ, అది చెప్పాలంటే ఇంకో గంట. పదో తరగతి దాకా తెలుగు అక్షరం చూడని వాళ్లు మార్కులు బాగా వస్తాయంట అని వచ్చి చేరతారు, పదిహేడేళ్ల వాడికి దొంగచాటుగా ఓనమాలు దిద్దించాలి, ఆరో క్లాసు వాడు చూస్తే పరువు పోతుందని వాడి బాధ. తలుపు మూసి దిద్దిస్తాను.

ఏంటి సార్, బెల్లా? నా కోసమేనా? స్కూల్లో నేను బెల్లు కొట్టిస్తాను, ఇక్కడ నాకు కొడుతున్నారు. (నవ్వులు) అయిపోయింది, ఒక్క నిమిషం. కొరుక్కుపేట పిల్లాడి సంగతి చెప్తానన్నాను కదా. ఎరవు చెప్పినవాడు. నా రిజిస్టర్‌లో ఆరో క్లాసు పేజీలో ఎర్ర పెన్సిల్ గడి అందరిదీ నిండింది, వాడిది ఒక్కటి ఖాళీ. వాళ్లమ్మకి తెలీదంట, నాన్నని అడిగితే ఆయనకీ తెలీదు. "మా నాయనకే తెలీదు, నాకెందుకు మిస్" అన్నాడు. వాకిట్లో వాళ్లమ్మ అడిగినట్టే అడిగాడు, అదే మొహం. ఈ సారి మధ్యాహ్నం భోజనం గురించి చెప్పడం కుదరదు కదా, మీ అవ్వని అడుగు అన్నాను. అవ్వ మనవరాలి పెళ్లికి గూడూరు పోయి ఉంది, అక్కడ ఫోన్ ఎత్తడం లేదు, చెవుడు కూడా. మంగళవారం రైల్లో వస్తుందంట. నిన్న సాయంత్రం గేటు దగ్గర వాడే నన్ను ఆపి చెప్పాడు, బుధవారం తెస్తాను మిస్, గడి కొట్టెయ్యొద్దు అని.